హవల్దార్ ఎస్‌కేటీ అంటే ఏంటండీ?

ఫోన్లో ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నే అది. "సార్, మీ రెజ్యూమేలో హవల్దార్ ఎస్‌కేటీ అని ఉంది. అంటే ఏంటండీ?" స్టోర్ కీపర్ టెక్నికల్ అని చెప్పాను. "ఓ, స్టోర్ కీపరా" అంది. ఆ ఉద్యోగం నాకు రాదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. మర్యాదకి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి, పెట్టేసే ముందు "మా దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగా ఉంది సార్, చూస్తారా?" అంది.

నేను దరఖాస్తు పెట్టింది గోదాము ఇన్‌చార్జ్ పోస్టుకి.

1999లో ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్‌లో చేరాను. మందుగుండు, వాహనాల విడిభాగాలు, టెంట్లు, చలికోట్లు, బూట్లు... సైన్యానికి కావలసిన సామాను నిల్వ చేసి అందించే విభాగం అది. (రేషన్, పెట్రోలు మావి కావు, అవి ఆర్మీ సర్వీస్ కోర్ వాళ్లవి. ఈ తేడా బయట ఎవరికీ అక్కర్లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) సికింద్రాబాద్ ఏఓసీ సెంటర్‌లో ట్రైనింగ్, తర్వాత డిపోలు, ఫీల్డు, మళ్లీ డిపోలు. హవల్దార్‌కి 24 ఏళ్లకి సర్వీసు పూర్తవుతుంది. దాని మీద రెండేళ్లు పొడిగింపు దొరకొచ్చు, నేను తీసుకోలేదు. 2023లో బయటికి వచ్చేసరికి నాకు 43.

వచ్చే ముందు నెలలన్నీ కాగితాలతోనే గడిచాయి. పెన్షన్ కాగితాలు, స్పర్ష్ పెన్షన్ పోర్టల్‌లో వివరాలు, మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డు, భార్యతో కలిసి దిగిన జాయింట్ ఫోటోలు. ప్రతిదానికీ ఒక ఫారం, ప్రతి ఫారానికీ పక్కన నిలబడి ఎక్కడ ఏం రాయాలో చెప్పే క్లర్కు. రెజ్యూమేకి మాత్రం ఫారం లేదు. 24 ఏళ్లు ఎవరో గీసిన గళ్లలో నా వివరాలు నింపుతూ వచ్చినవాణ్ని, తెల్ల కాగితం ముందు పెట్టి నీ గురించి నువ్వే రాసుకో అనేసరికి చెయ్యి ఆడలేదు.

కాబట్టి డిశ్చార్జ్ బుక్ తెరిచి, దాన్నే ఎక్కించాను.

నాలుగు పేజీలు వచ్చింది. పైన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. తర్వాత తండ్రి పేరు, ఎత్తు, ఛాతీ, బ్లడ్ గ్రూపు, పుట్టుమచ్చలు. మెడికల్ కేటగిరీ: షేప్-1. మానసిక స్థితి, వినికిడి, కాళ్లూచేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు అయిదింట్లోనూ లోపం లేదని దానర్థం. మాకు అది గర్వం. గోదాములో మనిషి కావాలన్నవాడికి అదేదో బ్యాటరీ మోడల్‌లా కనిపించి ఉంటుంది. తర్వాత చేసిన కోర్సులు, అన్నీ పొడి అక్షరాల్లోనే. ఏ యూనిట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నానో ఒక పెద్ద పట్టిక. సైన్య సేవా మెడల్, ఆపరేషన్ పరాక్రమ్ మెడల్, 9 ఏళ్లది, 20 ఏళ్లది లాంగ్ సర్వీస్ మెడల్. క్యారెక్టర్: ఎగ్జాంప్లరీ. అడుగున "పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని" ప్రమాణం, సంతకం. ఇంత రాసినా, నేను రోజూ ఏం పని చేశానన్నది నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. రాసినప్పుడు నాకు అది తట్టనే లేదు.

దాన్ని జాబ్ సైట్లలో పెట్టాను, తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపాను. రెండు నెలల్లో మూడు ఫోన్లు వచ్చాయి. మూడూ సెక్యూరిటీకే. సెక్యూరిటీ పని తక్కువదని నేను అనను, నాతో పాటు వచ్చినవాళ్లు చాలామంది హాయిగా చేసుకుంటున్నారు. కానీ నా 24 ఏళ్లలో గార్డు డ్యూటీ చేసిన రాత్రులకంటే లెడ్జరు ముందు కూర్చున్న రోజులే ఎక్కువ. ఆర్మీ అన్న మాట కనపడగానే గేటు దగ్గర నిలబెడదామనే అందరికీ ఎందుకు తోస్తుందో అని కోపమొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంకోటి తోచేందుకు నా కాగితంలో ఏముందని?

రెండోసారి ఇంకా ఘోరం. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక టెంప్లేట్ దించుకున్నాను. పక్కన నీలం రంగు పట్టీ, అందులో నైపుణ్యాలకి చుక్కలు. లీడర్‌షిప్‌కి అయిదు చుక్కలు, టీమ్‌వర్క్‌కి అయిదు, కంప్యూటర్‌కి మూడు. పైన "డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్ ప్రొఫెషనల్" అని ఒక పేరా, వాళ్లు రాసిందే, ఒక్క అక్షరం మార్చలేదు. దాన్ని పట్టుకుని ఒక ఇంటర్వ్యూకి కూడా వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన పేపరు చూసి, తల ఎత్తి, "డైనమిక్ అన్నారు, ఒక ఉదాహరణ చెప్పండి" అన్నాడు. నేను "సాబ్, ఏ పని ఇచ్చినా చేస్తాను" అన్నాను. సైన్యంలో ఇంతకంటే మంచి జవాబు లేదు. ఆయన థాంక్యూ అన్నాడు.

మా చెల్లెలి కొడుకు ఒక లాజిస్టిక్స్ కంపెనీలో పనిచేస్తాడు. వాడిని అడగడానికి నాకు మొహమాటం. నేను సెలవుకి వచ్చినప్పుడల్లా నా బూట్లు వేసుకుని ఇల్లంతా పరేడ్ చేసిన పిల్లాడు. చివరికి మా ఆవిడే వాడికి ఫోన్ చేసింది. ఒక ఆదివారం వచ్చి రెండూ చదివాడు.

"మావయ్యా, మొదటిది చదివితే మీ ఛాతీ కొలత తెలిసింది. మీరేం పని చేశారో తెలియలేదు."

"మరి రెండోది?"

"అది మీరు రాసింది కాదుగా."

ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టాడు. "మీ డిపోలో ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. గొప్ప రోజు వద్దు, మామూలు రోజు" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున యూనిట్ల నుంచి ఇండెంట్లు వస్తాయి. ఇండెంట్ అంటే? మాకు ఫలానాది ఇన్ని కావాలని పంపే కాగితం. అంటే ఆర్డరు, అని రాసుకున్నాడు. సరుకు ఉంటే ఇష్యూ వోచర్ వేసి పంపుతాం, లేకపోతే డ్యూస్ అవుట్‌లో, అంటే సరుకు వచ్చాక పంపాల్సినవాటిలో పెడతాం. "బ్యాక్ ఆర్డర్" అన్నాడు. బయటి నుంచి సరుకు వస్తే లెక్కపెట్టి, తనిఖీ చేయించి, సీఆర్‌వీ వేసి ఛార్జ్‌లోకి తీసుకుంటాం. "దాన్ని మేం జీఆర్‌ఎన్ అంటాం, గూడ్స్ రిసీట్ నోట్." పాడైనవి బ్యాక్‌లోడ్ చేస్తాం. "రిటర్న్స్." క్యాట్ పార్ట్ నంబరు? "ఐటెమ్ కోడ్." ర్యాకులో ప్రతి వస్తువు దగ్గరా ఒక కార్డు వేలాడుతుంది, తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా అందులో ఎక్కించాలి, దాన్ని బిన్ కార్డు అంటాం. "మేమూ బిన్ కార్డే అంటాం మావయ్యా" అని నవ్వాడు. మొత్తం సాయంత్రంలో మార్చక్కర్లేకుండా దొరికిన మాట అదొక్కటే.

మధ్యలో "ఈ పనికి మీకు ట్రైనింగ్ ఎక్కడిచ్చారు?" అన్నాడు. సికింద్రాబాద్ అన్నాను, తర్వాత సీఎంఎంలో కోర్సు చేశాను, జబల్‌పూర్‌లో. "సీఎంఎం అంటే?" కాలేజ్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ అన్నాను. వాడు పెన్ను పక్కన పెట్టేశాడు. "మావయ్యా, మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ అని మీ కాలేజీ గేటు మీదే రాసుంది. మీ రెజ్యూమేలో మాత్రం ఎస్‌కేటీ అని పెట్టారు." నిజమే. ఆ గేటులోంచి నెలల తరబడి లోపలికీ బయటికీ తిరిగాను. అందరం సీఎంఎం అనే అనేవాళ్లం. పూర్తి పేరుకి ఒక అర్థం ఉందని, ఆ అర్థానికి బయట ఉద్యోగాలున్నాయని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మాటలు మార్చడం ఒక సాయంత్రంలో అయిపోయింది. అసలు చిక్కు రెండో ఆదివారం మొదలైంది.

నేను ఏం చెప్పినా "మేము" అనే వస్తోంది. మేము స్టాక్ టేకింగ్ చేశాం. మేము ఆడిట్ క్లియర్ చేశాం. మేము సెక్షన్ మొత్తం కొత్త షెడ్డులోకి మార్చాం. వాడు ప్రతిసారీ ఆపి "మీరు ఏం చేశారు?" అంటున్నాడు. నాలుగోసారికి నాకు చిరాకేసింది. "ఒరేయ్, ఒక్కడు చేసే పనులు కావురా అవి" అన్నాను. బ్యారక్‌లో "నేను చేశాను" అనేవాణ్ని ఎవడూ పక్కన కూర్చోనివ్వడు. మెచ్చుకుంటే యూనిట్‌ని మెచ్చుకుంటారు, అందరం చప్పట్లు కొడతాం. లెక్క తగ్గితే మాత్రం వోచర్ మీద సంతకం ఎవరిదో చూస్తారు.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు. "సరే, వేటి మీద మీ సంతకం ఉంది?"

అక్కడి నుంచి కదిలింది. నేను ఏం సాధించానని అడిగితే నాకు చెప్పడం రాదు. దేని మీద సంతకం పెట్టానని అడిగితే ఒక్కటి కూడా మర్చిపోను. ఫలానా సెక్షన్ ఛార్జ్ తీసుకుంటూ పెట్టాను, రెండేళ్ల తర్వాత అప్పగిస్తూ పెట్టాను, ఆ రెండింటి మధ్యా ఆ సామాను పూచీ నాది. లోకల్ ఆడిట్ ఆఫీసు వాళ్లు రాసిన అభ్యంతరాలకి జవాబులు తయారుచేసి సంతకం పెట్టాను. పనికిరాని సామాను తీసేయడానికి ఆఫీసర్ల బోర్డు కూర్చుంటుంది, సంతకం బోర్డుదే, కానీ దాని ముందుకి వెళ్లే జాబితా కింద చిన్న సంతకం నాది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి పని నేర్పి, వీడు ఒంటరిగా కౌంటర్ చూసుకోగలడని రాసి సంతకం పెట్టాను. ఒక పేపరు మీద వరసగా రాస్తే ఇరవై దాకా వచ్చాయి. వాడు ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలు రాశాడు: ఎంత, ఎన్నాళ్లు, చేయకపోతే ఏమయ్యేది. కొన్నింటికి మూడో ప్రశ్న దగ్గర నా దగ్గర జవాబు లేదు. ఏమీ అయ్యేది కాదు. వాటిని కొట్టేశాం.

ఆ జాబితాలో లేనిది ఒకటుంది. లద్దాఖ్. అది చెప్పాలని నాకు తోచనే లేదు, ఎందుకంటే అక్కడ పనిచేసిన ప్రతివాడూ చేసేదే అది. జోజిలా కనుమ మీద మంచు పడితే ఆ దారి మూసుకుపోతుంది. చలికాలమంతటికీ కావలసినవి ముందే, ఎండలున్నప్పుడే, లారీల్లో పైకి చేర్చి నిల్వ పెట్టాలి. అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. సెప్టెంబరులో మనం రాయడం మర్చిపోయిన వస్తువు జనవరిలో కావలసి వస్తే విమానంలో రావాలి, అది కూడా వాతావరణం ఒప్పుకుంటే.

నేను వెళ్లిన మొదటి ఏడు ఒక చిన్న ఫిల్టరు విషయంలో అలాగే అయింది. దేని ఫిల్టరో వదిలేయండి. అంతకుముందు ఏడు ఎన్ని వాడారో చూసి అన్నే రాశాను. ఆ అంతకుముందు ఏడు చలి తక్కువ. జనవరిలో అయిపోయాయి. దాని కోసం సుబేదార్ సాబ్ నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు, అంతకంటే తిట్టినా బాగుండేది. మరుసటి వేసవిలో పాత ఇష్యూ వోచర్లు తీసి, మూడేళ్లవి, నెలనెలా ఏది ఎన్ని పోయిందో ఒక పెద్ద రిజిస్టరులో గళ్లు గీసి వేసుకున్నాను. రాత్రిళ్లు కూర్చుని చేశాను, ఎవరూ చెయ్యమనలేదు. దాన్ని బట్టి ఆ ఏడాది అంచనా రాశాను. ఆ చలికాలం నా గ్రూపు నుంచి ఒక్క అత్యవసర డిమాండు కూడా వెళ్లలేదు.

ఇదంతా టీ తాగుతూ, పని అయిపోయిందనుకుని, ఊరికే కబుర్లలో చెప్పాను. మా వాడు మళ్లీ రికార్డర్ ఆన్ చేశాడు. "మావయ్యా, దీన్ని డిమాండ్ ప్లానింగ్ అంటారు. మా దగ్గర దీనికి వేరే డిపార్ట్‌మెంటే ఉంది. దీన్ని మీరు రెజ్యూమేలో పెట్టలేదా?" అందరూ చేసేదే కదరా అన్నాను. "అందరూ రిజిస్టరు గీసుకున్నారా?" అన్నాడు. ఇప్పుడు నా రెజ్యూమేలో అనుభవం కింద మొదటి వాక్యం అదే.

అంకెల దగ్గర మాత్రం మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. ప్రతి వాక్యంలోనూ ఒక అంకె ఉండాలని వాడి పట్టుదల. ఎన్ని రకాల వస్తువులు, ఎంత విలువ, నెలకి ఎన్ని లారీలు. నేను చెప్పనన్నాను. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, నేను రిటైరయ్యానని అది రిటైరవ్వదు. ఏ డిపోలో ఏముంది, ఎంతుంది, ఏ యూనిట్ ఏ తేదీల్లో ఎక్కడుంది అన్నవి ఉద్యోగం కోసం నెట్‌లో పెట్టే విషయాలు కావు. నా మొదటి రెజ్యూమేలో యూనిట్లు, తేదీలతో ఆ పట్టిక మొత్తం పెట్టేశానని అప్పుడు గుర్తొచ్చి నాకే చెమటలు పట్టాయి. ఆ రాత్రే కూర్చుని అన్ని సైట్లలోంచీ తీసేశాను. వాట్సాప్‌లో వెళ్లినవాటిని ఏం చెయ్యలేకపోయాను.

"మరి అంకెలు లేకపోతే ఎవరు నమ్ముతారు?" అన్నాడు వాడు. ఇద్దరం వాదించుకుని ఒక పద్ధతికి వచ్చాం. అంకె సైన్యాన్ని కొలిస్తే వద్దు, నన్ను కొలిస్తే రాయొచ్చు. నా కింద 11 మంది పనిచేశారు, రాయొచ్చు. స్టాక్ లెక్కింపు 12 రోజులు పట్టేది, ర్యాకుల వరస మార్చాక 7 రోజుల్లో అయింది, రాయొచ్చు. ఛార్జ్ అప్పగించేనాటికి నా పేరు మీద పెండింగ్ ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ లేదు, ఇది తప్పకుండా రాయాలి. వస్తువులు ఎన్ని రకాలంటే "వేల రకాలు" అని వదిలేశాం. యూనిట్ పేర్లు తీసేసి "భారత సైన్యం, ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్, 1999-2023" అని ఒక్క లైను పెట్టాం. కింద ఏ కాలంలో ఏ పని చేశానన్నది మాత్రమే. అనుమానం వచ్చిన ప్రతి అంకెకీ వాడు "ఇది శత్రువుకి పనికొస్తుందా, హెచ్‌ఆర్‌కి పనికొస్తుందా?" అని అడిగేవాడు. మొదట్లో వేళాకోళానికి అన్నాడు గానీ, చివరికి అదే కొలబద్ద అయింది.

చదువు గడి ఇంకో తలనొప్పి. నేను ఇంటర్ పాసై చేరాను. మెట్రిక్ చదివి 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేసినవాళ్లని కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ పోస్టులకి గ్రాడ్యుయేట్లతో సమానంగా చూడాలని 1986 నుంచి ఉత్తర్వు ఉంది. సాంకేతిక, వృత్తి డిగ్రీ తప్పనిసరి కాని పోస్టులకే అనుకోండి. దానికి సర్టిఫికెట్ కూడా ఇస్తారు. నేను దాన్ని చూసుకుని రెజ్యూమేలో "గ్రాడ్యుయేషన్" అని వేసేశాను. ఒక ప్రైవేటు కంపెనీలో "ఏ యూనివర్సిటీ సార్?" అని అడిగారు. ఉత్తర్వు సంగతి వివరించాను. నేను ఏదో దాస్తున్నానన్నట్టు చూశారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ సర్టిఫికెట్ చెల్లే చోటు వేరు. ఇప్పుడు చదువు దగ్గర ఇంటర్మీడియట్ అనే ఉంటుంది, కింద సీఎంఎం కోర్సు పూర్తి పేరుతో ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాలకి ఎలాగూ రెజ్యూమే అడగరు, అప్లికేషను, పరీక్ష. కేంద్రంలో గ్రూప్ సీలో మాజీ సైనికులకి 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో ఆ స్థాయికి 14.5 శాతం కోటా ఉంది. వయసులోంచి సర్వీసు తీసేసి చూస్తారు, అలా వచ్చిన వయసు పరిమితి కంటే మూడేళ్లకి మించి ఎక్కువ ఉండకూడదంతే. ఆ లెక్కన నాకు 19 ఏళ్లు. మా అమ్మాయి వయసు కూడా అప్పటికి అంతే. ఒక పరీక్ష రాశాను, రీజనింగ్‌లో పోయింది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకున్నాను, అది అందరూ చేయించుకోవాల్సిందే. సర్వీసులో ఉండగానే పునరావాస డైరెక్టరేట్ కోర్సులు చేసి ఉండాల్సింది, ఆఖరి ఏడాది సెలవు దొరికితే ఇంటి పని పెట్టుకున్నాను. ఆఫీసర్లయితే ఆ దారిలోనే ఐఐఎంలలో ఆరు నెలల కోర్సు చేసి వస్తారు. వాళ్ల రెజ్యూమే ఎలా ఉండాలో చెప్పేవాళ్లూ బోలెడుమంది. హవల్దార్‌కి, నాయక్‌కి చెప్పేవాళ్లు తక్కువ.

అన్నింటికంటే కష్టమైంది మొదటి లైను. నా పేరు ముందు ర్యాంకు తీసేయమన్నాడు. పేరు, దాని కింద "వేర్‌హౌస్, ఇన్వెంటరీ సూపర్‌వైజర్, 24 ఏళ్ల అనుభవం" అని ఉండాలి, సైన్యం సంగతి మూడో లైనులో రావాలి అన్నాడు. మొదట కళ్లు పడేది హవల్దార్ మీద అయితే చదివేవాడు గేటు దగ్గరే ఆగిపోతాడట. నాకు మింగుడుపడలేదు. రెండు రోజులు ఆ ఫైలు తెరవలేదు. మా ఆవిడ అంది, "ఇంట్లో మిమ్మల్ని ఎవరూ హవల్దార్ అని పిలవలేదు కదండీ, ఇక్కడ అంత బాధేంటి?" ర్యాంకు ఇప్పుడు అనుభవం కింద ఉంది. పక్కనే "సెక్షన్ సూపర్‌వైజర్ స్థాయి" అని అర్థం రాశాం. మెడల్స్ అన్నీ తీసేయమన్నాడు, అది మాత్రం వినలేదు. ఆఖర్లో ఒక్క లైను ఉంచాను. ఈ రోజుకీ ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ వాటి గురించి అడగలేదు. ఉండనీ.

ఎస్‌ఏపీ (కంపెనీలు స్టాకు లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్) వచ్చా అని ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. నాకు రాదు. వచ్చని రాసేవాళ్లని చూశాను, నాకు ధైర్యం చాలలేదు. "సైన్యపు కంప్యూటర్ ఇన్వెంటరీ వ్యవస్థలో పనిచేశాను, ఎస్‌ఏపీ ప్రాథమిక అంశాలు నేర్చుకుంటున్నాను" అని పెట్టాం. పెట్టాక నిజంగానే నేర్చుకోవాల్సి వచ్చింది. ఎక్సెల్‌లో వీలుకప్ మా అమ్మాయి నేర్పింది. ఒక షీటులోని నంబరు వెతికి ఇంకో షీటులోంచి దాని వివరం తెచ్చి పెడుతుందని తెలిసినప్పుడు, లద్దాఖ్‌లో రాత్రిళ్లు గీసిన రిజిస్టరు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

రెండు పేజీల రెజ్యూమే తయారవడానికి నెలన్నర పట్టింది. పంపిన మూడో చోట పిలిచారు. అక్కడ హెచ్‌ఆర్ కంటే ముందు గోదాము మేనేజరే మాట్లాడాడు. కాగితం మీద వేలు పెట్టి, "పెండింగ్ అభ్యంతరం ఒక్కటీ లేదని రాశారు. స్టాకులో తేడా వస్తే ఏం చేసేవాళ్లు?" అన్నాడు. మనిషిని అనుమానించే ముందు పక్క ర్యాకు చూస్తానన్నాను. ఒక్క అంకె తేడాతో రెండు పార్ట్ నంబర్లుంటాయి, ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చేసి ఉంటారు, ఒకదాంట్లో తగ్గినన్నే రెండోదాంట్లో ఎక్కువుంటాయి. ఆయన పెద్దగా నవ్వి, పక్కన కూర్చున్నాయనతో "మొన్నటి బేరింగుల కథే" అన్నాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూలా లేదు. ముప్పావు గంట ర్యాకుల గురించే మాట్లాడుకున్నాం. డైనమిక్ అన్న మాట ఎక్కడా రాలేదు.

హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్తే మళ్లీ మామూలే. 43కే ఎందుకు వచ్చేశారు? "సర్వీసు కాలం పూర్తి, గౌరవంగా విడుదల" అని రెజ్యూమేలోనే రాసి ఉంది, వేలుతో చూపించాను. తర్వాత, "మీకు పెన్షన్ వస్తుంది కదా సార్, జీతం కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదుగా?" ఈ ప్రశ్న అంతకుముందు ఒకచోట వచ్చినప్పుడు నీళ్లు నమిలాను. ఈసారి సిద్ధంగా ఉన్నాను. ఇదే పోస్టుకి పెన్షన్ లేనివాడు వస్తే ఎంత ఇస్తారో నాకూ అంతే ఇవ్వండి అన్నాను. అంత ఇవ్వలేదు. కానీ మొదట చెప్పినదానికంటే పెంచారు. చేరాను.

ఏడాదిన్నర దాటింది. పాత యూనిట్ కుర్రాళ్లు డిశ్చార్జ్‌కి దగ్గరపడ్డవాళ్లు ఫోన్ చేస్తుంటారు. "దాదా, మీ రెజ్యూమే పంపండి, పేరు మార్చి వాడుకుంటాను" అంటారు. పంపను. ఎంఈఎస్‌లో (సైన్యపు కట్టడాలు చూసుకునే విభాగం) ప్లంబరుగా చేసినవాడు, సిగ్నల్స్‌లో కేబుల్ వేసినవాడు నా కాగితంతో ఏం చేస్తారు? దేని మీద సంతకాలు పెట్టావో ఒక పేపరు మీద రాసి పంపు, తర్వాత మాట్లాడదాం అంటాను. సగం మంది మళ్లీ ఫోన్ చేయరు. పంపినవాళ్లలో ఒకడు మొన్న పంపిన దాంట్లో పై లైను ఇలా ఉంది: ఎత్తు 172 సెంటీమీటర్లు, షేప్-1.

మా మేనల్లుడు ఆరు నెలలకొకసారి నా రెజ్యూమే అప్‌డేట్ చేయమంటాడు, ఉద్యోగం మారినా మారకపోయినా. పోయిన నెల కొత్త లైను ఒకటి రాసి పంపాను. గోదాములో వెనక్కొచ్చిన సరుకు పేరుకుపోతుంటే దానికి వేరే వరస పెట్టించాం, మూడు వారాల పెండింగ్ నాలుగు రోజులకి దిగింది. ఇంగ్లీషులో బాగానే రాశాననుకున్నాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. వాక్యం మొదట్లో ఉన్న "వుయ్" చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది.